చెఱువు మనది - శాసన మెవరిది?

2025వ సంవత్సరము ఏప్రిలు మొదటివారమున అమెరికా అధ్యక్షుడు డొనాల్డు ట్రంపు భారతదేశపు సరకులపై క్రొత్త సుంకములను ప్రకటించెను. వార్త వెలువడిన కొలదిదినములలోనే భీమవరము, నరసాపురము, కైకలూరు ప్రాంతముల రొయ్యలచెఱువుల గట్లమీద కౌంటు ధర పడిపోయినది. ప్రకటించిన సుంకము పూర్తిగా అమలునకు రాకమునుపే తొంబది దినములు వాయిదా పడినది. అందు పదిశాతము మాత్రము నిలిచినది. కాని గట్టుమీది ధర ఆ వాయిదా కొఱకు నిరీక్షింపలేదు. సుంకము పెరుగునేమో యను భయము వాషింగ్టనులో పుట్టిన మఱునాడే దాని వెల మొగల్తూరు రైతు చెల్లించెను. ఆ యేడే ఆగస్టు 7వ తేదీన ఇరువదియైదు శాతమును, 27వ తేదీన మఱియొక ఇరువదియైదు శాతమును విధింపబడినవి. ఈ రెండవ ఇరువదియైదు శాతమునకు చెప్పిన కారణము, భారతదేశము రష్యానుండి చమురు కొనుచున్నదని. చెఱువులో ఏరేటరు త్రిప్పుకొను రైతునకును రష్యా చమురునకును గల సంబంధమేమో విజ్ఞులు యోచింతురు గాక.

సుంకము కంటికి కనబడు శాసనము. దానిని పత్రికలు ప్రకటించును, మంత్రులు లేఖలు వ్రాయుదురు, ముఖ్యమంత్రి ఢిల్లీకి విన్నవించును. మేము నేడు ప్రస్తావింపదలచినది అది కాదు. కంటికి కనబడక, పేరైనను జనసామాన్యమునకు తెలియక, మన కోస్తా చెఱువులను ముప్పదియేండ్లుగా ఏలుచున్న ఇతర శాసనములు కలవు. వానిలో కొన్ని పరప్రభుత్వములు చేసినవి. కొన్ని ఏ ప్రభుత్వమును కాని ప్రైవేటు సంఘములు చేసినవి. చేసినవారిని మనము ఎన్నుకొనలేదు; చేయునపుడు మనల నెవరును అడుగలేదు. ఐనను మన రైతు ఏ మందు చల్లవలెనో, ఏ మేత వేయవలెనో, పట్టుబడికి ముందు ఏ పరీక్ష చేయింపవలెనో అవియే నిర్ణయించుచున్నవి.

ఇది చిన్న వ్యవహారము కాదు. 2023-24వ సంవత్సరమున భారతదేశము 17 లక్షల 81 వేల టన్నుల సముద్రోత్పత్తులను పరదేశముల కెగుమతి చేసి 60 వేల కోట్ల రూపాయలకు పైగా ఆర్జించినది. ఆ విలువలో మూడింట రెండుపాళ్లు గడ్డకట్టించిన రొయ్యలదే. దేశమున చెఱువులలో పెరుగు రొయ్యలలో సగమునకు మించి ఆంధ్రతీరమునందే పెరుగుచున్నవి. ఆ రొయ్యలకు అన్నిటికంటె పెద్ద కొనుగోలుదారు అమెరికా. ఇంతటి వృత్తి ఒక్క అంగడిపై ఆధారపడినపుడు ఆ అంగడివాని మాట శాసనమగుట వింత కాదు.

ఐరోపావారి సంగతి చూడుడు. 1997లో ఐరోపా సమాఖ్య మన కర్మాగారములను తనిఖీ చేయించి, అచ్చటి శుభ్రత చాలదని భారతదేశపు మత్స్యోత్పత్తులను నిషేధించెను. కొన్ని మాసముల పిమ్మట, తనిఖీకి నిలిచిన ప్లాంట్లకు మాత్రము అనుమతి నిచ్చెను. ఆ దెబ్బతో మన ప్లాంట్లు మేలుపడినవనుట సత్యము. ఆ మాట దాచుట మాకు సమ్మతము కాదు. తరువాత యాంటీబయోటికుల వంతు వచ్చినది. క్లోరాంఫెనికాల్ అను మందు మనుష్యుల రక్తమునకు ప్రమాదకరము. దానికి ఇంత మోతాదైన హాని లేదని ఎవరును చెప్పజాలరు. కావున ఆహారజంతువులకు దానిని వాడరాదనుట ధర్మమే. కాని నిషేధమును కొలుచుట ఎట్లు? ఐరోపావారు ఆ మందునకు ఏర్పరచిన అవధి వందకోట్ల పాళ్లలో 0.3 పాలు. అనగా వేయిటన్నుల రొయ్యలలో గ్రాములో మూడవవంతైనను లేని మందు. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఈ అంకె వైద్యుడు రోగిని చూచి చెప్పినది కాదు. ప్రయోగశాలలోని యంత్రము కనీస మెంతవఱకు కనిపెట్టగలిగి యుండవలెనో దానినిబట్టి పెట్టినది. యంత్రములు మెఱుగుపడిన కొలది చట్టమును కఠినమైనది. 2019లో చేసిన నియమము ననుసరించి 2022 నవంబరు 28వ తేదీనుండి ఆ అవధి 0.15కు దిగినది, నైట్రోఫ్యూరానులకు 1 నుండి 0.5కు దిగినది. మధ్యలో, 2016లో, మన చెఱువుల సరకులో ఐరోపా రేవులవద్ద పరీక్షింపవలసిన భాగమును పదిశాతమునుండి యాబదిశాతమునకు పెంచిరి. నిలిచిన పెట్టెకు రేవుబాడుగ ఎగుమతిదారు మోయును. ఎగుమతిదారు దానిని ధరలో కోయును. ఆ కోత చివరకు గట్టుమీదికే వచ్చును.

మందు వాడిన రైతును వెనకవేసికొనుట మా ఉద్దేశము కాదు. సలహాదారుడనువాడు సంచిలో పేరులేని పొడి తెచ్చి, "ఇది వేయండి, రొయ్య నిలుచును" అని చెప్పి పోవుట ఎఱుగని పల్లె డెల్టాలో లేదు. ఆ సంచిలో నేమున్నదో రైతునకు తెలియదు. పరీక్షలో బయటపడినపుడు మాత్రము పేరు రైతుది, నష్టము రైతుది. పొడి అమ్మినవాని జాడ ఐరోపా శాసనమునకు అందదు. మన శాసనమునకు అందవలెను. అందుచున్నదా?

జపాను కథ మఱింత విచిత్రము. చేపపొడి చెడిపోకుండ ఇథాక్సిక్విన్ అను పదార్థమును కలుపుట లోకమందంతట వాడుకలో నుండినది. ఆ చేపపొడి రొయ్యల మేతలో చేరును. 2012లో జపానువారు మన రొయ్యలలో దాని జాడ కనిపెట్టి అభ్యంతరము తెలిపిరి. చేపలలో దానికి పదిలక్షల పాళ్లలో ఒక పాలు వఱకు వారే అనుమతించియుండిరి. రొయ్యలకు మాత్రము ప్రత్యేకముగా అవధి నిర్ణయింపలేదు. నిర్ణయింపని ప్రతి వస్తువునకును వర్తించు సామాన్యావధి 0.01 పాలు. చేపకు తగినది రొయ్యకు నూఱవవంతైనను తగదనుటకు హేతువు, దానినిగూర్చి ఎవరును ఆలోచింపక పోవుటయే! మేత తాను చేయలేదు, అందులో కలిపినది తా నెఱుగడు, ఐనను అమ్మకము పోయినది ఇచ్చటివానిదే. మనదేశము ప్రపంచ వాణిజ్యసంస్థ సభలలో ఈ విషయము నెత్తి వాదించినది. 2014 జనవరిలో జపాను ఆ అవధిని 0.2కు సవరించినది. నోరు తెఱచి, లెక్క చూపి, అడుగవలసినచోట అడిగినచో శాసనము మారునని ఇందువలన తెలియుచున్నది. అడుగుటకు మాత్రము రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్ల నష్టమును ఎవరును తీర్చలేదు.

అడుగుటయొక్క మఱియొక ఉదాహరణము తాబేళ్ల వ్యాజ్యము. సముద్రమున రొయ్యలు పట్టు వలలలో తాబేళ్లు చిక్కి చచ్చుచున్నవని, అవి తప్పించుకొనుటకు వలకు జల్లెడవంటి సాధనమును అమర్చని దేశముల రొయ్యలను కొనరాదని అమెరికా 1989లో చట్టము చేసెను. 1996 మే మాసమునుండి దానిని సర్వదేశములకును వర్తింపజేసెను. భారతదేశము, మలేషియా, పాకిస్తాను, థాయిలాండు కలిసి వాణిజ్యసంస్థ యెదుట మొరపెట్టినవి. 1998 అక్టోబరు 12వ తేదీన అప్పీలు మండలి యిచ్చిన తీర్పు చదువదగినది. తాబేళ్లను కాపాడుట తగిన ఉద్దేశమే యనియు, దానిని అమలుపరచిన తీరు అన్యాయమనియు అందు నిర్ణయించిరి. కరేబియను తీరదేశములకు అమెరికా మూడేండ్ల గడువిచ్చినది; మనకు నాలుగు నెలలు. వారితో కూర్చుండి ఒడంబడిక కుదుర్చుకొన్నది, మనతో కూర్చుండలేదు. అనగా తప్పు శాసనములో లేదు, సంప్రదింపు లేకపోవుటలో నున్నది.

ఐతే ఆ విజయముతో మనమేమి చేసితిమి? ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఏటేట గ్రుడ్లు పెట్టుటకు వచ్చునది మన తీరమునకే. ఒడిశా మొదలుకొని మన గోదావరి, కృష్ణా ముఖముల వఱకు వాని కళేబరములు ప్రతి శీతకాలమున ఇసుకపై కనబడుచునే యున్నవి. జల్లెడలు అమర్చవలెనను నియమము మన కాగితములలో నున్నంతగా మన వలలలో లేదు. 2019 నాటికి మన సముద్రపు రొయ్యలకు అమెరికా ద్వారము మూసివేయబడినది. వ్యాజ్యములో గెలిచి గృహకృత్యములో ఓడినవారమైతిమి.

అమెరికా సుంకముల చరిత్రలో నీతి ఇంతకంటె తక్కువ. తమ రొయ్యలవేటగాండ్రు నష్టపోవుచున్నారని, పరదేశీయులు న్యాయమైన వెలకంటె తక్కువకు అమ్ముచున్నారని అచ్చటి వర్తకసంఘము లారోపింపగా, 2005 ఫిబ్రవరిలో భారతదేశముతో సహా ఆరు దేశముల రొయ్యలపై విశేషసుంకము విధించిరి. మన కంపెనీలలో అత్యధిక సంఖ్యాకములకు నిర్ణయించినది 10.17 శాతము. అందు వింత యేమనగా, ఇట్లు వసూలైన సొమ్ము ప్రభుత్వపు బొక్కసమునకు గాక ఫిర్యాదు చేసినవారికే పంచిపెట్టు చట్టము 2000 నుండి అమలులో నుండినది. ఫిర్యాదియే జరిమానా పుచ్చుకొను న్యాయస్థానము లోకములో మఱియెచ్చటనైన కలదా? భారతదేశముతో కూడ అనేక దేశములు వ్యాజ్యము వేయగా 2003లో అది నియమవిరుద్ధమని తేలినది. 2006లో ఆ చట్టమును రద్దుపరచిరి. సుంకమునకు తోడు అదనపు పూచీపత్రము లిమ్మని కోరిన మఱియొక నియమము 2008లో కొట్టివేయబడినది. మూల సుంకము మాత్రము ఏటేట లెక్కలు మారుచు నిలిచియే యున్నది. 2024లో, మన ప్రభుత్వములు సహాయము చేయుచున్నవను కారణమున, దానిపై 5.77 శాతము ప్రతిసుంకము కూడ చేరినది.

ప్రభుత్వము లన్యాయము చేసినచో వ్యాజ్యము వేయుటకు పీఠమొకటి కలదు. దాని కాళ్లు నేడు కుంటుపడినవి; 2019 డిసెంబరు నుండి ఆ అప్పీలు మండలిలో తీర్పు చెప్పువారు చాలక అది పని మానినది. అయినను పేరుకైనను పీఠమున్నది. ప్రైవేటు సంఘముల శాసనమునకు ఆ పీఠము కూడ లేదు. 1997లో అమెరికాలో రొయ్యలవర్తకు లొక సంఘముగా ఏర్పడి, 'ఉత్తమ పద్ధతు'లనుపేర ఒక ప్రమాణమును వ్రాసికొనిరి. ప్లాంటునకు ఒక నక్షత్రము, చెఱువునకు ఒకటి, హేచరీకి ఒకటి, మేతకర్మాగారమునకు ఒకటి. నాలుగు చేరిన పొట్లము ఉత్తమము. 2005-06లో వాల్‌మార్టు అను మహావాణిజ్యశాల ఈ ముద్రగల రొయ్యలనే కొందునని ప్రకటించుటతో, స్వచ్ఛందమని చెప్పిన ప్రమాణము ఒక్క దినములో శాసనమైనది. 2010లో ఐరోపాయందు ప్రకృతిసంరక్షకుల చేయూతతో మఱియొక సంఘము పుట్టి, 2014లో రొయ్యలకు వేఱొక ప్రమాణము తెచ్చినది. ఒకటికి రుసుము చెల్లించి తనిఖీ చేయించిన చెఱువునకు రెండవ సంఘమువారి ముద్ర కావలెనన్నచో మరల రుసుము, మరల తనిఖీ. ముద్రలేని రొయ్యకు అంగడి సన్నగిల్లును. ముద్రగల రొయ్యకు వెల పెరుగునను పూచీ ఎవరును ఇయ్యరు. రెండెకరముల రైతు ఈ కాగితములు, ఈ రుసుములు, ఈ ఆంగ్లపు పద్దులు ఎట్లు భరించును? భరింపలేక తన చెఱువును పెద్దవానికి కౌలుకిచ్చును. ఇట్లు ఓడ కావల పుట్టిన ప్రమాణము, ఎవరు తలపెట్టకయే, డెల్టాలో భూమి చేతులు మారుటకు హేతువగుచున్నది.

ఈ ముద్రలు తాము చెప్పిన పనియైనను చేయుచున్నవా? 2024 మార్చిలో అమెరికాకు చెందిన ఒక మానవహక్కుల సంస్థయు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థయు మన తీరపు రొయ్యల పరిశ్రమపై పరిశోధనలు ప్రకటించినవి. పీలింగు షెడ్లలో స్త్రీలు మంచుగడ్డలనడుమ గంటల తరబడి నిలిచి తక్కువ కూలికి రొయ్యలు ఒలుచుటను, వలసకూలీల ఇక్కట్లను అవి వర్ణించినవి. ముద్రల తనిఖీలు ఈ దుస్థితిని పట్టలేదని ఆక్షేపించినవి. మన వర్తకులు, అధికారులు ఖండించిరి. ఖండనలోని నిజమెంతయో విచారణ తేల్చవలసినది. మాకు బాధ కలిగించిన విషయము వేఱు. అమలాపురములో మన ఆడపడుచు చేతివ్రేళ్లు పొక్కినవో లేదో చూచుటకు పరదేశపు విలేఖరి రావలసివచ్చినది. కనీసవేతనముల చట్టము మనదేశమున 1948లోనే చేయబడినది. దానిని అమలుజరుపు ఇన్‌స్పెక్టరు ఏ షెడ్డులో ఎన్నిసార్లు అడుగుపెట్టెనో ప్రకటింపుమని ఎవరైన అడిగిరా?

ఈ తీరమునకు ఇట్టి ఏలుబడి క్రొత్త కాదు. మచిలీపట్టణపు అద్దకమునకు పరదేశములలో పేరుండిన దినములలో కంపెనీవారు సీమనుండి వచ్చిన మాదిరిగుడ్డను ముందుంచుకొని, నేతగాని తానులను దానితో పోల్చి మేలు, మధ్యమము, త్రోపు అని వేఱుచేయుచుండిరి. త్రోపుపడిన తాను నేతగానికే తిరిగి వచ్చెడిది. ముందుగా పుచ్చుకొన్న బయానా మాత్రము అప్పుగా నిలిచెడిది. మాదిరిని ఎవరు నిర్ణయించిరి, ఎందుకు మార్చిరి అని అడుగు హక్కు నేతగానికి లేదు. నేటి కౌంటుకాటా దగ్గర, తిరస్కృతమైన పెట్టె దగ్గర నిలిచిన రైతు స్థితి దానికి ఎంత దూరమో పాఠకులే పోల్చుకొందురు.

ఐతే పరుల నిందించి ఊరకుండుట కృష్ణాతీరపు పత్రికకు తగదు. మన యింటి శాసనము మనము చక్కగా చేసికొన్నామా? 1990 ప్రాంతముల టైగరురొయ్యల వెఱ్ఱిలో నెల్లూరుజిల్లా మొదలు తీరమెల్ల చెఱువులు త్రవ్వితిమి. ఉప్పునీరు త్రాగునీటి బావులలోనికి, వరిచేలలోనికి ఊరినది. తెల్లమచ్చల తెగులు వచ్చి చెఱువులు చచ్చినవి. అప్పుడు తమిళదేశపు సర్వోదయ నాయకుడు, గ్రామస్వరాజ్యోద్యమమునకు అధ్యక్షుడునైన ఎస్. జగన్నాథన్ సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసెను. 1996 డిసెంబరు 11వ తేదీన న్యాయమూర్తి కులదీప్ సింగు ప్రభృతులు తీరనియంత్రిత ప్రాంతములోని రొయ్యలచెఱువులను తొలగింపవలసినదని, చెడిన భూములకును జీవనము పోయినవారికిని పరిహార మీయవలసినదని తీర్పు చెప్పిరి. గాంధీమార్గమున నడచిన వృద్ధుడొకడు మన న్యాయస్థానమున, మన చట్టముతో, మన పల్లెవాని నీటికొఱకు సాధించిన ప్రమాణమది. దాని గతి యేమైనది? 2005లో పార్లమెంటు తీరమత్స్యసేద్య ప్రాధికార సంస్థ చట్టమును చేసి, తీరనియంత్రణ నియమములు ఈ సేద్యమునకు వర్తింపవని అందే వ్రాసినది. పల్లెజనులు కోరిన శాసనమును సడలించి, పరదేశపు వర్తకుడు కోరిన శాసనమును తుచ తప్పక పాటించుచున్నాము. స్వరాజ్యమున ఇది ఏ రాజ్యము?

ఇంకొక ప్రశ్న. ఐరోపాకు పోవు రొయ్యను పట్టుబడికి ముందు మన ప్రభుత్వసంస్థయే పరీక్షించి పత్రమిచ్చుచున్నది. ప్లాంటులో మరల పరీక్ష. రేవులో మరల పరీక్ష. భీమవరము సంతలో మన గృహిణి కొను రొయ్యకు ఏ పరీక్ష? దేశీయమైన ఆహారభద్రతా నియమములు పుస్తకమున కలవు. ఆ నియమమును సంతలో అమలుచేయు ప్రయోగశాల ఎచ్చట? 2025 సుంకముల పిదప, రొయ్యలను మనదేశమందే తినవలెనని ప్రభుత్వమువారును పరిశ్రమవారును హితబోధ చేయసాగిరి. మంచిదే. హాంబర్గు పౌరునకు తగని మందు హైదరాబాదు పౌరునకు తగునా యను ప్రశ్నకు ముందు సమాధానము చెప్పి పిమ్మట వడ్డింతురు గాక.

చేయవలసిన పనులు అసాధ్యములు కావు. లోకములోని ఆహారప్రమాణములను వ్రాయు కోడెక్స్ సభలో సుగంధద్రవ్యముల సంఘమునకు 2013 నుండి భారతదేశమే ఆతిథ్యమిచ్చుచున్నది. మిరియము, జీలకఱ్ఱల ప్రమాణములు మన కొచ్చి నగరమునుండి నడుచుచున్నవి. అదే సభలో చేపల సంఘమునకు ఆతిథ్యము నార్వేది. మిరియమునకు దొరికిన పీఠము రొయ్యకు దొరకదనుటకు కారణము మాకు కనబడదు. ఆ పీఠములపై ఢిల్లీ ఉద్యోగి, ఎగుమతిదారుడు కూర్చుండుటయే గాక, గట్టుమీద రాత్రి కాపుగాయు రైతులసంఘపు ప్రతినిధి యొక్కడైన కూర్చుండవలెను. ప్రైవేటు ముద్రలవారు ఇచ్చట వ్యాపారము చేయుచున్నారు గనుక, తమ రుసుములను, తిరస్కరించిన చెఱువులకు కారణములను తెలుగులో ప్రకటింపవలసినదని రాష్ట్రప్రభుత్వము నియమము చేయవచ్చును. 2020లో మత్స్యసేద్యమునకు ప్రత్యేక ప్రాధికారసంస్థను ఏర్పరచుకొన్న రాష్ట్రమునకు ఆ మాత్రము అధికారము లేకపోదు. మేతసంచిపైనను, మందుసంచిపైనను లోపలనున్నదేదో వ్రాయని వర్తకుని శిక్షించుటకు ఐరోపా అనుమతి అక్కఱలేదు.

ఇన్నిటికంటె ముందు ఒక చిన్నపని కలదు. పట్టుబడికి ముందు చేసిన పరీక్షల ఫలితములు నేడు ఎగుమతిదారుని దస్త్రములలో నుండి పరదేశమునకు పోవుచున్నవి. అవియే ఫలితములను, సంతరొయ్యలకు చేయు క్రొత్త పరీక్షల ఫలితములతో కూడ, వారమున కొకసారి భీమవరము, అమలాపురము, నెల్లూరు చేపలసంతల ద్వారములయందు నల్లబల్లపై తెలుగులో వ్రాసి పెట్టవలసినదని మత్స్యశాఖవారిని కోరుచున్నాము. దానికి సుద్దముక్కయు, ప్రయోగశాలకు రెండుగదులును చాలును.